వంతెన మీంచి కనబడే లైట్‌హౌస్

పెళ్లిచూపులకి వచ్చింది మనిషేనని నాగేశ్వరికి అప్పట్లో అందరూ గట్టిగా చెప్పారు. తీరా పటాన్‌చెరు వచ్చి కాపురం పెట్టాక తెలిసింది, తను చేసుకున్నది ఒక క్వాలిటీ డిపార్టుమెంటునని. నరసరాజు ఇడ్లీని వేలితో నొక్కి చూడకుండా తినడు. దోసె ఒకవైపు మందంగా వస్తే నోటితో ఏమీ అనడు, పళ్లెం తిప్పి ఆ మందపు వైపు ఆమెకి కనబడేలా పెడతాడు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే "బాగుంది" అనే లోపు ఫాల్ కుట్టు వంక చూస్తాడు. వాల్వులు పోతపోసే ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇన్‌స్పెక్టరు. అక్కడ పనికిరాని పీసులకి ఎర్ర ట్యాగు కట్టి వస్తాడు. ఇంట్లో ట్యాగులు దొరకవు కాబట్టి మొహంతో సరిపెట్టుకుంటాడు.

ఆ మొహాన్ని చదవడానికే భీమవరంలో తను బి.ఎస్సీ. దాకా చదివిందేమోనని నాగేశ్వరి అనుమానం.

ఈ ఫిర్యాదులన్నీ ఆమె వంటింట్లో పోపు చప్పుడులో చేసుకునేవి. పోయిన ఆషాఢం నుంచి అవి కూడా తగ్గిపోయాయి. ఆ ఆషాఢంలో ఒక వానరోజు సాయంత్రం, వాళ్ల ఒక్కగానొక్క కూతురు దుర్గాదేవి సుల్తాన్‌పూర్‌లో డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తుంటే ముత్తంగి దగ్గర లారీ రాసుకుంటూ పోయింది. కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, లోపల రాడ్డు. నరం దెబ్బతిని పాదం పైకి లేవడం లేదు. ఏడు నెలలుగా లోపలి గదిలో మంచమే.

డాక్టరు మూడు మాటలు చెప్పాడు. అమ్మాయి నడుస్తుంది. కర్ర పట్టుకుని నడుస్తుంది. ఎనిమిది గంటలు నిలబడి చేసే పని ఇక కుదరదు. ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని విన్నారు. నరసరాజు మాత్రం మొదటి మాట జేబులో వేసుకుని మిగతా రెండూ ఆ గదిలోనే వదిలేసి వచ్చాడు.

దుర్గ చేసేది ఆసుపత్రులకి పంపే గొట్టాలు, సూదులు తయారుచేసే కంపెనీలో. లైన్లో నిలబడి ప్యాకెట్లు పరీక్షించే పని. నరసరాజు మూడుసార్లు సుల్తాన్‌పూర్ వెళ్లి మేనేజరుని కలిశాడు. "మార్చి ఒకటికల్లా మా అమ్మాయి మునుపట్లాగే వచ్చి నించుంటుందండీ, సీటు ఇంకెవరికీ ఇవ్వకండి" అని మాట తీసుకున్నాడు. వచ్చి చెప్పాడు. దుర్గ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ అమ్మాయికి తండ్రితో వాదించే అలవాటు లేదు. నాగేశ్వరి వాదించింది. "డాక్టర్లు అలాగే అంటారు" అన్నాడాయన. ఊతకర్ర కొన్నాడు గాని బీరువా వెనక పెట్టాడు. చేతిలో ఉంటే అలవాటైపోతుందట.

హాల్లో టీవీ కింద ఉన్న ఆటల పెట్టె మీద తువ్వాలు కప్పిందీ ఆయనే. "లేచాక ఆడుకుందువుగానిలే" అని. అది దుర్గ ఉద్యోగంలో చేరిన ఏడు కొనుక్కున్నది. అందులో ఒక పెద్ద ఆట ఉంది. ఇంగ్లీషులో పేరు గజం పొడుగు. ఇంట్లో మాత్రం రేవు ఆట అనేవాళ్లు. ముసలి పడవ కెప్టెన్ ఒకడు తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వానలో, మంచులో ఒక రేవు ఊరంతా తిరుగుతాడు. దుర్గ ఆడేది. "పిల్లల ఆట" అంటూ నరసరాజు సోఫా వెనకాల నిలబడి చూసేవాడు. నాలుగు నెలలు చూశాడు. ఒక్కరోజూ కూర్చోలేదు. కూర్చుంటే చూస్తున్నట్టు లెక్క.

జనవరి చివర్లో కొరియర్లో ఒక చేతిమిషన్ వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని పడుకునే ఆడుకోవచ్చు. టీవీ ముందు ఆడే పెద్ద పెద్ద ఆటల్ని కుదించి, ఇందులో పట్టేలా చేసి అమ్ముతున్నారట. కుదిస్తే ఏం పోయింది, ఏం మిగిలింది, చేతిలో పట్టుకుంటే ఎలా ఉంది అని తెలుగులో రాయించే వెబ్‌సైటొకటి సంగారెడ్డిలో సునీల్‌కుమార్ అనే ఆయన నడుపుతున్నాడు. దుర్గ మంచం మీంచే రాసుకున్న ఉత్తరానికి జవాబుగా మిషను పంపి, ఫోను చేశాడు.

"మా సదివేటోళ్లంత కంపెనీ బస్సుల కూసొని సదువుతరమ్మా. గంట పోను, గంట రాను. ఆళ్లకు పెద్దపెద్ద మాటలు వద్దు. చేతుల పట్టుకుంటే ఎట్లున్నదో రాయి. నువ్వు సూడంది సూసినట్టు రాయొద్దు. నా దగ్గర గదొక్కటే రూలు. మూడు ఆటల మీద మూడు రాయి. నచ్చితే నెలనెలా నీకే ఇస్త పని."

మూడూ ఫిబ్రవరిలోగా నెగ్గితే సుల్తాన్‌పూర్ లైన్లో నిలబడక్కర్లేదు. దుర్గ ఆ మాట పైకి అనలేదు. మంచం పక్కన క్యాలెండర్లో మార్చి ఒకటి చుట్టూ తండ్రి గీసిన సున్నా ఉంది. దానికి కాస్త ఎడంగా ఆమె పెన్సిలుతో మూడు గీతలు పెట్టుకుంది. నాగేశ్వరి చూసింది.

మొదటిది కారు పందేల ఆట. రెండోది గుర్రాలూ కత్తుల ఆట. దుర్గ రాసినదానికి కామాలు సరిచూసే పని తల్లిది. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్లద్దాలవాళ్లు మిషన్ను ముక్కుకి ఆనించుకోవాలి. గంటయ్యేసరికి వెనకభాగం చాయ్ గ్లాసంత వేడెక్కింది. వాన చప్పుడు పకోడీలు వేయిస్తున్నట్టుంది. కానీ ఒక బటన్ నొక్కితే ఆట ఎక్కడికక్కడ ఆగుతుంది. నా కాలికి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి వెళ్లాక చూస్తే, గుర్రం ఎత్తిన కాలు ఇంకా దించలేదు." ఇలా ఉండేది వరస. నాగేశ్వరికి చదువుతుంటే ముచ్చటేసింది. మధ్యాహ్నం దుర్గ నిద్రపోయినప్పుడు మిషన్ తీసుకుని తను కూడా కారు నడిపి చూసింది. మూడుసార్లు సముద్రంలో పడేసింది. అక్షరాలు నిజంగానే చీమల్లా ఉన్నాయని మాత్రం నిర్ధారణ చేసుకుంది. రెండూ సునీల్‌కుమార్‌కి నచ్చాయి.

మూడోదిగా రేవు ఆట వచ్చింది.

ఆ రోజు పైవాటాలో జాకెట్లు కుట్టే రుఖయ్యా కొలతలకని వచ్చి మంచం మీద కూర్చుంది. పుట్టిల్లు ఆ పక్కనున్న లక్డారం. ఆవిడ నోటికి తాళం ఉండదు.

"గా పెద్ద టీవీల తిరిగేటోడేనా బిడ్డా వీడు? మొహం జెర మబ్బు వట్టినట్టున్నదేంది?"

"చిన్నగ చేసిన్రు గద ఆంటీ, అందుకే."

"అయితేంది! నడక అదే నడక. గా మెడ వంచుడు సూడు. గుంపుల నిలవెట్టినా గుర్తువడ్త."

నరసరాజుకి ఆ రోజు వీక్లీ ఆఫ్. గుమ్మంలోంచి వింటున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడంటే తనిఖీకి వచ్చేశాడన్నమాటే.

"ఇలా ఇవ్వమ్మా ఒకసారి."

ఫ్యాక్టరీలో పీసుని పట్టుకున్నట్టే మిషన్ని రెండువైపులా తిప్పి చూశాడు. కూతురి పక్కన నిలబడి, ఆమె ఆడుతుంటే వేలితో లెక్కపెట్టాడు. "బజార్లో పదకొండు మంది. టీవీలో ముప్ఫై మంది ఉండేవాళ్లు. చేపలమ్మే ఆవిడ పక్కన కుక్క ఉండాలి. లేదు. గోడ మీద నాచు లేదు."

"భాయ్‌సాబ్, కుక్కను కూడ హాజరు వేస్తున్నరా మీరు?" అంది రుఖయ్యా.

ఆయన నవ్వలేదు. కెప్టెన్ వంతెన ఎక్కాడు. నరసరాజు ఒంగి చూశాడు.

"లైట్‌హౌస్ ఏదీ?"

"ఏ లైట్‌హౌస్, నాన్నగారూ?"

"వంతెన మధ్యకి రాగానే ఎడమచేతివైపు. దూరంగా, తెల్లగా. నువ్వు కెప్టెన్ కాళ్లకేసి చూస్తూ ఆడతావు, నీకు తెలీదు. నేను వెనకాల నించుని చూసేవాణ్ణి కదా."

"నాకైతే యాదికి లేదు. తీసేసిన్రంటారా?"

"తీసేశారు. ఉన్నవాటిలో మంచిదేదో అదే ముందు పోతుంది," అన్నాడు నరసరాజు. అప్పుడాయన చూపు మిషన్ మీద లేదు. మంచం కింద, దుర్గ పాదాన్ని నిలబెట్టడానికిచ్చిన ప్లాస్టిక్ పట్టీ మీద ఉంది. "ఇది రేవు ఆట కాదమ్మా. అప్పట్లో ఉండేదే, అది వేరు."

ఆయన వెళ్లిపోయాక దుర్గ చాలాసేపు మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూదిమొనంత పగులు కూడా వదలని కళ్లు ఆయనవి. ఆమె చిన్నప్పటి నుంచీ ఆ కళ్లు పొరబడతాయని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రాసుకున్నదాని మొదట్లో కొత్తగా రెండు వాక్యాలు చేర్చింది. "నేను ఈ ఆటను టీవీలో నాలుగు నెలలు ఆడాను. వంతెన మీంచి కనబడే ఆ తెల్లటి లైట్‌హౌస్‌ను చేతిమిషన్‌లో తీసేశారు." నాగేశ్వరి కామాలు సరిచూసింది. కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

శుక్రవారం పంపింది. సునీల్‌కుమార్‌కి ఆ లైట్‌హౌస్ మాట ఎంత నచ్చిందంటే దాన్నే శీర్షికగా పెట్టి శనివారం వేసేశాడు.

ఆదివారం పన్నెండింటికి ఫోన్ మోగింది. దుర్గ మంచం మీంచే స్పీకర్లో పెట్టింది.

"లైట్‌హౌస్ ఏడున్నదమ్మా?" అన్నాడు సునీల్‌కుమార్. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది నాగేశ్వరికి. "పొద్దుగాల్నుంచి అందరు గదే అడుగుతున్నరు. పెద్ద ఆటల అసలు లైట్‌హౌసే లేదంట. నువ్వు నిజంగ ఆడినవా, ఎవలో చెప్తే రాసినవా?"

దుర్గ ఫోన్ దగ్గరికి ఒంగింది. "ఆడిన సార్."

"అయితే టీవీల వెట్టి ఫోటో దీసి పంపు. సాయంత్రం దాక సూస్త. లేకుంటే మూడు తీసేస్త. మల్ల నన్ను ఏమనుకోవద్దు. బస్సులున్నోళ్లు నమ్ముతున్నరు గాబట్టే నడుస్తుంది నా దుకాణం."

ఫోన్ పెట్టేశాక చూస్తే గుమ్మంలో నరసరాజు ఉన్నాడు. "వాళ్లకేం తెలుసు? నేను చూశాను," అన్నాడు.

"చూశారు సరే," అంది నాగేశ్వరి. "మీ ఫ్యాక్టరీలో మాస్టర్ పీసని ఒకటుంటుందని ముప్ఫై ఏళ్లుగా నా చెవులు చిల్లులు పడేలా చెప్పారు కదా. అన్ని కొలతలూ సరిపోయిన మొదటి పీసు. దాన్ని బల్ల మీద పెట్టుకుని, పోల్చి చూడకుండా దేనికీ ఎర్ర ట్యాగు కట్టకూడదనీ, అలా కట్టినందుకు మీ తోటి ఇన్‌స్పెక్టరు సత్తిబాబు గారిని మీరే నానా మాటలూ అన్నారనీ. మరి ఈ ట్యాగు ఏ మాస్టర్ని చూసి కట్టారు?"

 నాగేశ్వరి జవాబు కోసం ఆగకుండా హాల్లోకి వెళ్లి ఆటల పెట్టె మీది తువ్వాలు లాగేసింది. దుమ్ము లేచింది. ఆ తువ్వాలుని చూస్తే ఇంకా కొంచెం కోపం వచ్చింది. మంచి తువ్వాలు, ఆర్నెల్లుగా వెతుకుతోంది.

"నేనే వెళ్లి చూస్తానుండు. నువ్వు లేవకమ్మా," అన్నాడు నరసరాజు.

"మీకు ఆడరాదు కదా నాన్నగారూ," అంది దుర్గ. "అమ్మా, జెర బీరువా వెనకాల కర్ర ఉంటది, ఇయ్యి."

ఆ గదిలోంచి హాల్లోకి పద్నాలుగు అడుగులు. నాగేశ్వరి లెక్కపెట్టలేదు, నరసరాజు లెక్కపెట్టాడు, ఆయన పెదాలు కదులుతున్నాయి. కర్ర చప్పుడు, ఎడమకాలు, తర్వాత కుడిపాదం గచ్చు మీద రాసుకుంటూ వచ్చే చప్పుడు. ఆరో అడుగు దగ్గర ఆయన భుజం పట్టుకోబోయాడు.

"మీరు టీవీ పెట్టండి," అంది దుర్గ పళ్లు బిగించి.

ఆమె సోఫాలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకునే సరికి నుదుటి మీద చెమట పట్టింది. ఏడు నెలల కిందట ఆపిన చోటే, చేపల బజారు ముందు, కెప్టెన్ నిలబడి ఉన్నాడు. నరసరాజు అలవాటుగా సోఫా వెనకాల నిలబడ్డాడు. బజార్లోంచి వెళ్తుంటే వేలితో లెక్కపెట్టాడు. పంతొమ్మిది మంది. మళ్లీ లెక్కపెట్టాడు. పంతొమ్మిదే. కుక్క మాత్రం ఉంది. అంతవరకు ఆయన మాట నిలబడింది.

కెప్టెన్ వంతెన ఎక్కాడు. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి తెర మీద బొమ్మ ఒక్కసారి తడబడింది, చేతిమిషన్లో ఎక్కడ తడబడుతుందో అక్కడే. దుర్గ కెప్టెన్ని ఎడమవైపు తిప్పింది.

మంచు. దాని కింద బూడిదరంగు నీళ్లు. ఇంకేం లేదు.

"ఇంకొంచెం ముందుకి," అన్నాడు నరసరాజు.

ముందుకి వెళ్లింది. మంచే.

"పొద్దున పూట అయ్యుండాలి. వాన ఆగాక."

ఆటలో పొద్దు మార్చింది. వాన ఆగేదాకా కెప్టెన్ని ఒక అరుగు కింద నిలబెట్టి ఆగారు. మళ్లీ వంతెన. కుడివైపు, ఎడమవైపు, వెనక్కి. నాగేశ్వరి వంటింట్లో కుక్కర్ ఆపేసి వచ్చి చూసింది. చివరికి దుర్గ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంది. "లేదు నాన్నగారూ," అంది మెల్లగా. "ఎప్పుడూ లేకుండె."

నరసరాజు టీవీ దగ్గరికి వెళ్లి, తెర మీద ఎడమవైపు వేలు పెట్టి చూశాడు. అక్కడ ఏదో అంటుకుని ఉంటే గోకి తీసేవాడిలా.

"ఇక్కడే ఉండేది," అన్నాడు. "తెల్లగా. నాకు బాగా గుర్తు."

నాగేశ్వరికి హఠాత్తుగా తట్టింది. తట్టినందుకు బాధేసింది కూడా. "పెళ్లైన కొత్తలో మీరు చెప్పారండీ," అంది. "చిన్నప్పుడు మీ నాన్నగారితో పడవ మీద అంతర్వేది తీర్థానికి వెళ్తుంటే, ఎడమచేతివైపు చూడరా అని చూపించేవారని. అక్కడి లైట్‌హౌస్ దూరం నుంచి తెల్లగా కనబడేదని."

ఆయన వేలు తెర మీంచి దిగింది. వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. రేవు ఆట ముందు ఆయన కూర్చోవడం అదే మొదలు.

దుర్గ ఫోన్ అందుకుంది. "తప్పు నాది కూడ. మీరు చెప్పిన్రని రాయకపోతిని, నేనే చూసినట్టు రాసిన. సార్‌కి చెప్పేస్త."

"ఇలా ఇవ్వమ్మా," అన్నాడు నరసరాజు. నంబరు నాగేశ్వరి కలిపి ఇచ్చింది.

"సునీల్‌కుమార్ గారాండీ? నేను దుర్గాదేవి నాన్నని. నరసరాజు. ఆ లైట్‌హౌస్ మాట మా అమ్మాయిది కాదండీ. నేను చెప్పాను. లేదండీ, ఇప్పుడే టీవీలో చూశాం, లేదు. లేనిదాన్ని ఉందన్నాను. నేను ఇన్‌స్పెక్టర్నండీ, నా మాట మీద నమ్మి రాసింది."

 స్పీకర్లో సునీల్‌కుమార్ గొంతు, "మీ మాట నమ్మింది సరే సార్. పేరు గామెది గద. బస్సులున్నోళ్లకు మీరెవరో ఎరుక లేదు."

"అవునండీ."

"ఆమెకియ్యిండ్రి." దుర్గ ఫోన్ తీసుకుంది. "సూడమ్మా. తప్పు పడ్డదని నువ్వే రాసి పంపు, అందరికి కనవడేటట్టు మీదనే పెడ్త. నాన్న మీద తొయ్యకు. గా మూడోది లెక్కల వెయ్య. ఇంకొకటి రాయి, ఇరవై అయిదు తారీకు దాక టైమిస్త. అప్పుడు చెప్త సంగతి."

"రాస్త సార్," అంది దుర్గ. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. పని పోలేదు. రాలేదు కూడా.

టీవీలో కెప్టెన్ వంతెన మీదే నిలబడి ఉన్నాడు, మళ్లీ వాన మొదలైంది. ఎవరూ ఆపలేదు. నాగేశ్వరికి అన్నం వడ్డించాలని ఉంది గాని అడుగు పడలేదు. నరసరాజు కూతురి కాలి వంక చూశాడు. స్టూలు మీద పాదం పక్కకి వాలి ఉంది.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

ఏడు నెలలుగా ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఒకటే జవాబు, లేదని. దుర్గ ఈసారి "ఉంది" అంది. "పొద్దుగూకంగ ఎక్కువైతది. రోజూ ఉంటది నాన్నగారూ. మీరు బాధపడ్తరని చెప్పలే."

ఆయన తల ఊపాడు. కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"రేపు సుల్తాన్‌పూర్ వెళ్లొస్తాను," అన్నాడు.

"ఏమని చెప్తారు?" అంది నాగేశ్వరి. ఈసారి ఆవిడ గొంతులో ఎకసెక్కం లేదు.

"రాదని. ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని." ఆగి, కూతురి వైపు తిరిగాడు. "ఎనిమిది గంటలు నించోలేవని డాక్టరు నా ఎదురుగానే చెప్పాడమ్మా. నాకు వినబడింది. విననట్టే ఉండిపోయాను. మునుపట్లాగే నించుంటావని వాళ్లకీ వీళ్లకీ చెప్పుకుంటూ తిరిగాను, నువ్వేమంటావోనని ఒక్కసారైనా అడగలేదు. తప్పు చేశాను దుర్గా. నాదే తప్పు."